దెబ్బ కులానికి, లెక్క మతానికి: మతం మారిన దళితులకు న్యాయం ఎక్కడ ఆగుతోంది?

పెందుర్తి మండలం జెర్రిపోతులపాలెంలో 2017 డిసెంబరులో ఒక దళిత మహిళపై దాడి జరిగింది. భూమి వివాదంలో అడ్డుపడినందుకు ఆమెను కొట్టి, బట్టలు చించి అవమానించారన్నది ఆరోపణ. మూడేళ్లు తిరగకముందే, 2020 ఆగస్టు 28న, పెందుర్తి పోలీసు స్టేషన్ పరిధిలోనే మరో ఘటన. పని మానేసిన ఒక దళిత యువకుడిని ఇంటికి పిలిపించి, ఫోన్ పోయిందన్న నెపంతో కొట్టి గుండు గీయించారు. సీసీ కెమెరా దృశ్యాలు బయటికొచ్చాక అరెస్టులు జరిగాయి.

ఈ రెండు ఘటనలూ అందరికీ గుర్తున్నవే. వీటిని మేము మళ్లీ తీయడానికి కారణం వేరు. దళితుల ఒంటి మీద బట్టలు లాగేయడం, బలవంతంగా గుండు గీయడం, మీసాలు తీసేయడం వంటివాటిని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఇ) పేరు పెట్టి నేరాలంటుంది. గుండు, మీసాల మాట 2015 సవరణతో చేరింది, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే పెందుర్తిలో జరిగిన అవమానాలకు చట్టంలో సరిగ్గా సరిపోయే సెక్షన్ ఉంది.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. అదే ఊరు, అదే పేట, అదే మంగలి కత్తి. కానీ గుండు గీయించుకున్న మనిషి బాప్తిస్మం తీసుకున్నవాడైతే? లేదా కలిమా చదివి ముస్లిం అయినవాడైతే? ఆ సెక్షన్ అతనికి వర్తించదు. అవమానం మారలేదు, అవమానించినవాళ్లూ మారలేదు. చట్టం మాత్రం మారిపోయింది. ఆ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో, దానివల్ల ఎవరు ఏం కోల్పోతున్నారో, స్టేషన్ మెట్లెక్కే కార్యకర్తలు ఏం చేయగలరో ఈ వ్యాసంలో చెప్పదలిచాం.

మూడో పేరా కథ

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని పాటించేవారిని షెడ్యూల్డు కులస్థులుగా గుర్తించకూడదన్నది దాని సారం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణలతో తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు అది మూసే ఉంది. షెడ్యూల్డు తెగలకు ఈ షరతు లేదు. పాడేరు కొండల్లో చర్చికి వెళ్లే ఆదివాసీ ఎస్టీగానే ఉంటారు. కిందికి దిగి పెందుర్తికి వచ్చేసరికి, చర్చికి వెళ్లే మాల, మాదిగలు కాగితం మీద ఎస్సీలు కాకుండా పోతారు.

ఈ షరతు అట్రాసిటీ చట్టంలోకి నేరుగా రాలేదు. చట్టంలో సెక్షన్ 2, షెడ్యూల్డు కులాలంటే ఎవరన్నదానికి రాజ్యాంగంలోని 366వ అధికరణం చెప్పిన అర్థాన్నే తీసుకుంది. ఆ అర్థం తిరిగి 1950 ఉత్తర్వు దగ్గరికి పోతుంది. రిజర్వేషన్ కోసం గీసిన గీత, హింస నుంచి రక్షణకు కూడా గీతగా మారింది ఇలాగే. ఈ విషయానికి మళ్లీ వస్తాం. మా వాదనంతా దీని మీదే నిలబడి ఉంది.

ఈ పేరాను సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లున్నారు. 1985 నాటి సూసై కేసు అందులో ముఖ్యమైనది. మద్రాసులో చెప్పులు కుట్టుకునే ఒక దళిత క్రైస్తవుడు, ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఇచ్చిన బంకు తనకు ఇవ్వలేదని కోర్టుకెళ్లారు. మతం మారాక కూడా కులం బాధలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని ఆధారాలతో చూపాలని కోర్టు చెప్పి, పిటిషన్ కొట్టేసింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక, మూడో పేరాను తీసేసి ఎస్సీ హోదాకు మతంతో సంబంధం లేకుండా చేయాలని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసి, రెండేళ్ల గడువిచ్చింది. ఆ గడువు చాలక పొడిగించారు.

ఆంధ్రలో రెండు లెక్కలు

మన రాష్ట్రం ఈ విషయంలో ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో ఆపింది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని, వారి సంతానాన్ని బీసీ-సి గ్రూపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1977 నాటి జీవో 341 ద్వారా, చట్టంతో ముడిపడని కొన్ని సంక్షేమ రాయితీలను వారికి కూడా వర్తింపజేశారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చి 24న మరోసారి తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. మతం మారినా కులం వెంటే ఉందని ఈ రాష్ట్రం ఇన్నిసార్లు ఒప్పుకుంది.

అయినా దెబ్బ తగిలిననాడు ఆ ఒప్పుకోలు పనికిరావడం లేదు. పిట్టలవానిపాలెం మండలానికి చెందిన ఒక పాస్టర్, తనను కులం పేరుతో దూషించి కొట్టారని 2021లో ఫిర్యాదు చేశారు. అట్రాసిటీ కేసు నమోదైంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్ 30న ఆ కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి మారి, ఏళ్ల తరబడి పాస్టర్‌గా ఉన్న వ్యక్తి ఈ చట్టం రక్షణ కోరలేరని, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా ఫలితం ఒకటేనని తీర్పు. జీవో 341 రాయితీలకే పరిమితమని కూడా చెప్పింది.

కారంచేడులో 1985లో మాదిగలను, చుండూరులో 1991లో మాలలను వేటాడినవాళ్లు ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో అడిగి కొట్టలేదు. పేట అడిగారు, అంతే. దాడి చేసేవాడికి లేని అనుమానం దర్యాప్తు చేసేవాడికి ఎందుకొస్తోంది?

ముస్లిం దళితుల మాట

ఈ చర్చ తరచూ చర్చి దగ్గరే ఆగిపోతుంది. మసీదు దాకా రాదు. మన జాబితాలే చూడండి. గోసంగి ఎస్సీ జాబితాలో ఉన్న కులం. గోసంగి ముస్లింలు 2007 చట్టంలోని బీసీ-ఇ జాబితాలో ఉన్నారు. మెహతర్లది కూడా ఇదే కథ: ఒక మతంలో ఎస్సీ, ఇంకో మతంలో బీసీ. వీధులు ఊడ్చిన చేతులు అవే, కులం పేరు అదే. మతం పక్కన చేరగానే అంటరానితనం చరిత్ర చెరిగిపోయినట్టు ప్రభుత్వం లెక్క కడుతోంది.

దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు మూసిన ఒకే తలుపు ముందు నిలబడ్డారు. అయినా ఒకరి తీర్మానంలో మరొకరి పేరుండదు. 2023 నాటి శాసనసభ తీర్మానం కూడా క్రైస్తవంలోకి మారిన దళితుల గురించే. రెండు సమూహాలనూ ఒకరికొకరు పోటీదారులుగా నిలబెడితే లాభం ఎవరికో ఉద్యమాలు ఆలోచించుకోవాలి.

మత హింస అని పేరు, లోపల కులం

రెండు మతాల మధ్య హింసగా వార్తల్లోకెక్కిన ఘటనల్లో కూడా కులం దాగి ఉంటుంది. పాకిస్తాన్ పంజాబ్ ఇందుకు పెద్ద ఉదాహరణ. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది, ఎక్కువగా మాదిగలు, బాప్తిస్మం తీసుకున్నారు. సుమారు ఆ కాలంలోనే పంజాబులో పాకీ పనికి కట్టేయబడిన చూఢా కులస్థులు వేలాదిగా క్రైస్తవంలోకి వెళ్లారు. నేటి పాకిస్తానీ పంజాబీ క్రైస్తవుల్లో అత్యధికులు వారి వారసులే. ఆ కులం పేరు అక్కడ నేటికీ తిట్టే. పాకీ పనుల ఉద్యోగ ప్రకటనల్లో ముస్లిమేతరులే కావాలని రాసిన సందర్భాలూ ఉన్నాయి.

2009 జూన్‌లో పొలంలో పనిచేస్తున్న ఆసియా బీబీ తెచ్చిన నీళ్లు తాగడానికి తోటి కూలీలు ఒప్పుకోలేదు. ఆమె ముట్టుకున్న పాత్ర మైలపడిందన్నారు. ఆ మాటామాటా దైవదూషణ కేసైంది. 2010లో ఉరిశిక్ష పడింది. 2018 అక్టోబరు 31న పాకిస్తాన్ సుప్రీంకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్లకు ఆ నీళ్ల తగాదా కొత్తగా అనిపించదు.

1997లో శాంతినగర్, 2009లో గోజ్రా, 2023 ఆగస్టు 16న జరన్‌వాలా. ఖురాన్‌ను అవమానించారన్న ఆరోపణతో గుంపులు క్రైస్తవుల బస్తీల మీద పడ్డాయి. జరన్‌వాలాలో ఇరవైకి పైగా చర్చిలు, పదుల సంఖ్యలో ఇళ్లు దాడికి గురయ్యాయి. పొరుగు ముస్లింలు కొందరు క్రైస్తవులను తమ ఇళ్లలో దాచి కాపాడారన్నదీ నిజం. 2013లో పెషావర్ చర్చిపై బాంబు దాడి తర్వాత, 2014 జూన్ 19న ప్రధాన న్యాయమూర్తి తసద్దుక్ హుస్సేన్ జిలానీ ఇచ్చిన తీర్పు ప్రార్థనా స్థలాల రక్షణకు ప్రత్యేక పోలీసు దళం ఏర్పాటు చేయమంది. తొమ్మిదేళ్ల తర్వాత జరన్‌వాలా తగలబడింది. తీర్పు ఉన్నంత మాత్రాన న్యాయం జరగదని మనకూ తెలుసు.

ఇది చెప్పడం ఇస్లాంను వేలెత్తి చూపడానికి కాదు. మనకు దగ్గర్లోని ఒడిశా కంధమాల్‌లో 2007 డిసెంబరులో, 2008 ఆగస్టు తర్వాత చర్చిలూ ఇళ్లూ తగలబెట్టింది హిందూత్వ గుంపులు. బాధితుల్లో పెద్ద భాగం పాణ కులానికి చెందిన దళిత క్రైస్తవులు, మరికొందరు కంధ ఆదివాసీ క్రైస్తవులు. నష్టపరిహారం చాలదని, మూసేసిన కేసులను మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2016 ఆగస్టు 2న చెప్పింది. దాడి చేసే మతం చోటును బట్టి మారుతుంది. దెబ్బ తినే కులం మారడం లేదు.

రక్షణ వాటా కాదు

దళిత క్రైస్తవులకు, ముస్లింలకు ఎస్సీ హోదా ఇస్తే ఉన్న వాటా తగ్గుతుందని ఎస్సీల్లో చాలామందికి భయం ఉంది. ఈ భయాన్ని తోసిపారేయడం సరికాదు. సీట్లకు, ఉద్యోగాలకు లెక్క ఉంటుంది. ఒకరికి వస్తే ఒకరికి తగ్గవచ్చు. ఆ చర్చ జరగాల్సిందే.

కానీ అట్రాసిటీ చట్టం సీటు కాదు. ఒక పాస్టర్ ఫిర్యాదును ఆ చట్టం కింద తీసుకుంటే మరో దళితుడి ఫిర్యాదు తగ్గిపోదు. అందుకే రెండు డిమాండ్లనూ విడదీయాలంటున్నాం. మూడో పేరా తేలేదాకా ఆగనక్కర్లేదు. అట్రాసిటీ చట్టం సెక్షన్ 2లోని నిర్వచనాన్ని పార్లమెంటు సాధారణ సవరణతో మార్చవచ్చు. షెడ్యూల్డు కులంలో పుట్టినవారు, వారి సంతానం ఏ మతంలో ఉన్నా, కులం కారణంగా జరిగిన దాడికి ఈ చట్టం వర్తిస్తుందని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. రిజర్వేషన్ కోటాలో ఒక్క అంకె కూడా కదలదు.

స్టేషన్‌లో గుర్తుంచుకోవాల్సినవి

అట్రాసిటీ చట్టం వర్తించకపోతే పోయేవేమిటో ముందు తెలియాలి: ముందస్తు బెయిల్‌పై నిషేధం (సెక్షన్ 18), డీఎస్పీ స్థాయి దర్యాప్తు, ప్రత్యేక కోర్టు, బాధితులకూ సాక్షులకూ సెక్షన్ 15ఎ హక్కులు, నేరాన్ని బట్టి 85,000 నుంచి 8,25,000 రూపాయల దాకా సహాయం. ఇవి లేకపోయినా కేసు లేనట్టు కాదు.

ఒకటి, ఫిర్యాదులో తిట్టిన మాటలు తిట్టినట్టే రాయించాలి. మతం గురించి అబద్ధం రాయించొద్దు. కోర్టులో అదే కేసును కూలుస్తుంది.

రెండు, దెబ్బతిన్నవారిలో ఎస్సీ హోదా ఉన్నవారు, ఉదాహరణకు మతం మారని భార్య, తల్లి, ఉంటే వారి ఫిర్యాదు విడిగా ఇప్పించాలి. వారికి అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది.

మూడు, భారతీయ న్యాయ సంహితలో ప్రార్థనా స్థలానికి నష్టం చేయడం (298), మత విశ్వాసాలను అవమానించడం (299), ప్రార్థనకు ఆటంకం కలిగించడం (300), వర్గాల మధ్య శత్రుత్వం రేపడం (196), మహిళ బట్టలు ఊడదీసే ఉద్దేశంతో దాడి (76) నేరాలు. బలవంతపు గుండుకు అందులో ప్రత్యేక సెక్షన్ లేదు. గాయపరచడం, నిర్బంధించడం లాంటి సెక్షన్లే దిక్కు.

నాలుగు, మా పరిధి కాదంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం జీరో ఎఫ్ఐఆర్ అడగాలి. నమోదు చేయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. విశాఖ నగర పరిధిలో అయితే పోలీస్ కమిషనరేట్ పై అధికారులకు పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

ఐదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా సెక్షన్ 396 కింద బాధితుల పరిహారానికి దరఖాస్తు చేయాలి. దీనికి కులం, మతం అడ్డు కావు.

మా డిమాండ్లు మూడు. పార్లమెంటు అట్రాసిటీ చట్టం నిర్వచనాన్ని సవరించాలి. కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ పనిని దళితుల ముందు బహిరంగ చర్చకు పెట్టాలి. రెండుసార్లు తీర్మానం చేసిన మన రాష్ట్రం, ఆ చట్టం మారేలోపు, మతం మారిన దళితులపై కుల దాడులకు తన సొంత సహాయ నిధి ఏర్పాటు చేయాలి. ఆ తీర్మానాల్లో ముస్లిం దళితుల పేరూ చేర్చాలి.

పెందుర్తిలో గుండు గీసిన చేయి ముందు కులమే చూసింది. న్యాయం చేయాల్సిన చేయి కూడా ముందు అదే చూడాలి. ప్రార్థన ఎక్కడ చేస్తావన్నది ఆ తర్వాత కూడా అడగనక్కర్లేదు.