కలివికోడి: 86 ఏళ్ళు "నాట్ ఫౌండ్"

మాది కడప జిల్లా అనగానే ఆఫీసులో మనవాళ్ళకి గుర్తొచ్చేవి ఫ్యాక్షన్ సినిమాలు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని పిట్ట ఒకటి మా వైపు ఉందంటే నవ్వుతారు. వాళ్ళననడం ఎందుకులెండి, ఇంజినీరింగ్ అయ్యేదాకా నాకూ తెలీదు.

దాని పేరు కలివికోడి, ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. చుట్టరికం నీటి ఒడ్డున తిరిగే పిట్టలతో, కాపురం మాత్రం ఎండు నేలలో ముళ్ళపొదల మధ్య. మెడ కింద రెండు పట్టీలు, పెద్ద పెద్ద కళ్ళు. పగలు దాక్కుని రాత్రిళ్ళు నేలమీద తిరుగుతుంది.

మద్రాసు సైన్యంలో డాక్టరుగా చేసిన థామస్ జెర్డాన్ వల్ల 1848లో ఇది పుస్తకాల్లోకి ఎక్కింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. అంతే, తర్వాత అయిపు లేదు. సలీం అలీ లాంటి మహానుభావుడు వెతికినా దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది తేల్చేశారు.

1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఒక తెలివైన పని చేశారు. పిట్ట బొమ్మలు పట్టుకెళ్ళి ఊళ్ళలో జనాన్నే అడిగారు. 1986 జనవరిలో లంకమల దగ్గర రెడ్డిపల్లిలో, పిట్టలు పట్టే ఒకాయన రాత్రి లైటు వేసి ఏకంగా ప్రాణంతో పట్టేశాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. కానీ జాతి బతికే ఉందని తేలింది. శాస్త్రవేత్తలకి 86 ఏళ్ళు దొరకనిది ఆయనకి తెలిసిన పిట్టే! "నాట్ ఫౌండ్" అని వస్తే "డిలీటెడ్" అని రాసుకోవడం మనం కూడా చేసే తప్పే కదా.

ఇంకో తమాషా. 1917లో కోలారు వైపు సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండులో అబెర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో పడి ఉంది. అది కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్ష చేసి 2013లో తేల్చారు. డేటా ఉంది, ఇండెక్సే లేదు!

1988లో దీని బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత అసలు చిక్కు, తెలుగుగంగ కాలువ. 2005లో పిట్ట ఉండే చోటే అనుమతి లేకుండా తవ్వకం మొదలైంది. గొడవయ్యాక కాలువ దారి మార్చి, సుమారు 3000 ఎకరాలు పిట్ట కోసం కేటాయించారు. పిట్ట కోసం నీళ్ళు ఆపుతారా అని తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నీళ్ళ కోసం ఎదురుచూసే సీమలో పుట్టినవాణ్ణి, వాళ్ళని తప్పు పట్టలేను. కానీ కాలువకి ఇంకో దారి దొరికింది, పిట్టకి ఇంకో అడవి లేదు.

2009 తర్వాత మళ్ళీ ఏళ్ళ తరబడి జాడ లేదు. ఇక పోయిందనే అనుకున్నారు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో ఒక రాత్రి దాని కూత రికార్డయింది.

ఈసారైనా వెతికేవాళ్ళు ముందు ఊళ్ళో గొర్రెలకాపరుల్ని అడిగితే బాగుండు. ఏమంటారు?