పొగ నుండి పుట్టిన నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. ముందు పొగ పుట్టి, పిదప దానికి తగిన నిప్పును రాజేసిన చరిత్ర వీడియో క్రీడల లోకంలో ఉన్నది.

జపాను సంస్థ క్యాప్‌కామ్ 1991లో 'స్ట్రీట్ ఫైటర్ 2' క్రీడను విడుదల చేసినది. అందులో ర్యూ అను యోధుడు, తన 'షోర్యూకెన్' దెబ్బను ఛేదింపలేనివాడు తనను గెలువలేడంటాడు. ఎగసే డ్రాగన్ పిడికిలి అని దాని అర్థం. ఆంగ్లానువాదంలో ఆ లిపిచిహ్నాల చీనా ఉచ్చారణ 'షెంగ్ లాంగ్' ఒక మనిషి పేరై కూర్చున్నది. అనువాదదోషం నుండి ఒక గురువు జన్మించాడన్నమాట! 1992 ఏప్రిల్‌లో 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ' పత్రిక, ఒక్క దెబ్బయినా తినక కడదాకా పోరాడితే అతడు ప్రత్యక్షమగునని వ్రాసినది. అది ఏప్రిల్ ఫూల్ పరిహాసమని ఆ డిసెంబరులో ఒప్పుకొన్నది. ఈలోగా ఎందరు పిల్లల నాణేలు యంత్రాల పాలయినవో!

1992లో వచ్చిన 'మోర్టల్ కాంబాట్' యంత్రపు లెక్కల పట్టికలో 'ఎర్మాక్స్' అను మాట కనిపించినది. అది ప్రోగ్రాములోని దోషాల లెక్కకు పెట్టిన సంక్షిప్తనామం. జనం దానిని ఎర్రదుస్తుల రహస్యయోధుని పేరుగా భావించారు. 1993 నాటి రెండవ భాగంలో నిర్మాతలు 'ఎర్మాక్ లేడు' అను వాక్యాన్ని అక్షరాలు తారుమారు చేసి దాచారు. 1995లో 'అల్టిమేట్ మోర్టల్ కాంబాట్ 3'లో ఆ లేనివాడినే యోధునిగా నిలబెట్టారు.

బ్లిజార్డ్ సంస్థదీ ఇదే బాట. 'డయాబ్లో'లో రహస్యంగా ఆవుల లోకమున్నదని వదంతి. 1998లో 'స్టార్‌క్రాఫ్ట్'లో 'ఆవుల లోకం లేదు' అను ఆంగ్లవాక్యాన్నే విజయమిచ్చే రహస్యసంకేతంగా పెట్టారు. 2000లో 'డయాబ్లో 2'లో ఆ లోకాన్ని నిజంగానే కట్టారు.

వదంతిని కోపంతో ఖండింపక నవ్వుతో లొంగదీసిన ఈ నేర్పు మెచ్చదగినది. అయినా, మాస్టరుగా బ్రతికినవానికి ఒక సందేహం మిగులుతుంది. అబద్ధం చెప్పినవాని మాట చివరికి నిజమైతే, 'ఎర్మాక్ కూడా మొదట లేడు కదా' అని రేపటి కల్పనకు సాక్ష్యం దొరుకును. 1995లో ఎర్మాక్ పుట్టినంతమాత్రాన మునుపటి వదంతి సత్యం కాలేదు. నాడు అతనికై వెదకినవారు వెదకినది శూన్యాన్నే. ఒక మాట ఎప్పుడు నిజమైనదో అడుగుట చరిత్రకారుని మొదటి ధర్మం.