పాట జేబులోకి వచ్చిన చరిత్ర – ఒక క్యాసెట్ కథ

స్వర్ణోత్సవ సంచికకి పాత ఫోటోలు, బహుమతి పత్రాలు, గుర్తులు ఏమున్నా పంపమని సంఘం వారు కబురు పెట్టారు. నా దగ్గర ఫోటో ఒక్కటీ లేదు. ఒక క్యాసెట్ ఉంది. 1985లో మా పదో తరగతి పరీక్షలకి ముందు, మన సైన్సు మాస్టారి పదవీ విరమణ సభ జరిగినప్పుడు రికార్డు చేసిన అరవై నిమిషాల క్యాసెట్. అందులో ఒక వైపు బాగానే ఉంది. రెండో వైపు పాడైంది. పాడుచేసింది నేనే. ఆ సంగతి చెప్పాలంటే, పాట వినిపించే పెట్టెలు మన కోటవురట్లలోకి ఒకదాని వెనక ఒకటి ఎలా వచ్చాయో, వాటిని మనం ఏం చూసి కొన్నామో ముందు చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ని కాబట్టి మధ్యమధ్యలో పాఠం చెప్పే జబ్బు ఒకటుంది. అది కూడా ఆ మాస్టారి దగ్గర అంటుకున్నదే.

మన తరానికి మొదటి పెట్టె ట్రాన్సిస్టర్. నిజానికి ట్రాన్సిస్టర్ అంటే లోపల ఉండే గింజంత వస్తువు. 1947 డిసెంబరులో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పుట్టింది. దాన్ని పెట్టి చేసిన మొదటి జేబు రేడియో 'రీజెన్సీ టీఆర్-1' 1954లో అక్కడి మార్కెట్లోకి వచ్చింది. ధర సుమారు యాభై డాలర్లు. అందులో ట్రాన్సిస్టర్లు నాలుగే. తర్వాత జపాన్ వాళ్లు అందుకుని ప్రపంచమంతా అమ్మారు. మనవాళ్లు ఆ గింజ పేరే పెట్టెకి పెట్టేశారు. "ఒరే, ట్రాన్సిస్టర్ తే" అంటే రేడియో తెమ్మని అర్థం.

మా నాన్న ట్రాన్సిస్టర్ కొన్నది తునిలో. ఆయన ఎంచుకున్న తీరు ఇప్పుడు తలుచుకుంటే, ఆ తర్వాత నేను కొన్న ఏ వస్తువునీ అంత తెలివిగా కొనలేదనిపిస్తుంది. ధ్వని ఎలా ఉందని ఆయన అడగనే లేదు. మొదట, సెల్లులు ఎన్ని పడతాయని అడిగాడు. నాలుగు పెద్ద సెల్లులు. ఎవరెడీవైనా, నెల్లూరు నిప్పోవైనా కోటవురట్ల కిరాణా కొట్లో దొరుకుతాయి. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీతో నడిచే చిట్టి రేడియో అందంగా ఉంది కానీ, ఆ బ్యాటరీ కోసం మళ్లీ తుని రావాలి. అందుకని వద్దన్నాడు. రెండోది, పాడైతే ఎవరు బాగుచేస్తారు? వెనక మూత నాలుగు మరలతో విప్పొచ్చు, మన ఊరి మెకానిక్ చూడగలడు. మూడోది, షార్ట్‌వేవ్ ఉందా? మీడియం వేవ్ ఒక్కటే ఉన్నది చవక. అయినా ఆయన మూడు బ్యాండ్లది తీసుకున్నాడు, సిలోన్ కోసం. రేడియో సిలోన్ తెలుగు పాటల కార్యక్రమం, అందులో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు, ఆ రోజుల్లో వినని ఇల్లు ఉండేది కాదు. అప్పట్లో రేడియో ఇంట్లో ఉంచుకోవడానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. 1933 నాటి వైర్‌లెస్ చట్టం అది. పిల్లలకిప్పుడు చెబితే నవ్వుతారు.

సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టేవాళ్లం. అది మూఢనమ్మకం కాదు. జింకు-కార్బన్ సెల్లుకి కాస్త విశ్రాంతి, కాస్త వేడి ఇస్తే లోపల రసాయనాలు సర్దుకుని ఇంకో పూట పనిచేస్తుంది. అయితే ఆ పూటని నాన్న వార్తలకి దాచేవాడు, మేము పాటలకి ఖర్చు పెట్టేవాళ్లం. ఇంట్లో సగం తగాదాలు అక్కడే.

ఇంకో ముచ్చట. ట్రాన్సిస్టర్‌ని అటూ ఇటూ తిప్పితే స్టేషన్ బలం మారడం అందరికీ గుర్తుండే ఉంటుంది. లోపల ఉండే ఫెర్రైట్ కడ్డీ ఏ దిక్కుకి అడ్డంగా ఉంటే ఆ దిక్కు నుంచి వచ్చే తరంగాన్ని బాగా పట్టుకుంటుంది. మన ఊరికి విశాఖపట్నం ఇంచుమించు తూర్పున, విజయవాడ పడమటి నైరుతిన. రెండూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. అందుకే మా అరుగు మీద ట్రాన్సిస్టర్‌ని ఒకసారి సరైన వైపు పెడితే విశాఖ 927 కిలోహెర్ట్జ్, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ రెండూ ముల్లు తిప్పితే చాలు, పెట్టె కదపకుండానే వచ్చేవి. ఆ అంకెలు రెండూ తొమ్మిదితో భాగిస్తే శేషం రాదు. 1978 నవంబరులో మీడియం వేవ్ స్టేషన్లన్నిటినీ తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంగా సర్దారు కాబట్టి. ఇది నాకు బడిలోనే తెలుసు. లెక్కల పీరియడ్‌లో కాదు, సైన్సు మాస్టారి రేడియో దగ్గర.

ఆ మాస్టారి పేరు ఇక్కడ రాయను, చదివేవాళ్లకి తెలుసు. ఆయన ట్రాన్సిస్టర్ తోలు సంచిలో ఎప్పుడూ భుజానికే ఉండేది. 1984 అక్టోబరు 31న, మేము పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇందిరాగాంధీ గారి మీద కాల్పులు జరిగాయని పొద్దున్నే గుప్పుమంది. ఆకాశవాణి సాయంత్రం దాకా మరణవార్త చెప్పలేదు. మాస్టారు స్టాఫ్ రూము బయట వేపచెట్టు కింద నిలబడి షార్ట్‌వేవ్‌లో బీబీసీ పట్టారు. ఒక్కసారి విని, రేడియో ఆపేసి, సంచి మూత వేసి, మా వైపు తిరిగి "ఇళ్లకి పొండి. తిన్నగా పొండి" అన్నారు. ఆ రోజు నాకు నాన్న మూడో బ్యాండుకి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాడో సిలోన్‌ని మించి అర్థమైంది.

ఆ తర్వాత క్యాసెట్టు. ఇది ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ అనే డచ్చి ఇంజనీరు బృందం చేసిన వస్తువు. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో మొదట చూపించారు. ఎంత ఉండాలన్నది తేల్చడానికి ఓటెన్స్ ఒక చెక్కముక్క చెక్కించి కోటు జేబులో పెట్టుకు తిరిగాడు. జేబులో పట్టిందే కొలత. ఆ చెక్కముక్కని తర్వాత కారు చక్రం మార్చేటప్పుడు జాకీ కింద పెట్టి, అక్కడే వదిలేసి పోయాడట. మ్యూజియంలో ఉండాల్సిన వస్తువు రోడ్డు పాలైంది. నా క్యాసెట్ సంగతి తలుచుకుని ఆయన్ని నేను ఏమీ అనలేను.

ఫిలిప్స్ వారు ఆ కొలతల్ని ఎవరికైనా ఉచితంగా ఇచ్చారు. అందుకే జపాన్‌లో చేసిన క్యాసెట్టు నర్సీపట్నంలో ఏ టేపురికార్డర్లో పెట్టినా తిరిగేది. యంత్రం ఒక కంపెనీది, క్యాసెట్టు ఇంకో కంపెనీది, పాట మూడో ఆయనది. దీని విలువ అప్పుడు తెలియలేదు. కొన్నాళ్ల తర్వాత నేను కొన్న ఒక విదేశీ ప్లేయరు తన సొంత రకం ఫైళ్లు తప్ప వేరేవి ముట్టనని మొండికేసినప్పుడు తెలిసింది.

మన ఊరికి మొదట వచ్చిన టేపురికార్డర్లు దుబాయి వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు. మాస్టారిది మాత్రం చెప్పుల పెట్టెలా పడుకోబెట్టే రకం. ముందు పియానో మెట్లలాంటి మీటలు, మూలన చిన్న మైకు. పాటలు వినడానికి ఆయన దాన్ని కొనలేదు. "వినడానికి రేడియో ఉందిగా, ఇది పట్టుకోడానికి" అనేవారు. పక్షుల కూతలు, మరమరాలమ్మే ఆయన కేక, గానుగ దగ్గర చెరుకు ఆడేవాళ్ల పదాలు, అన్నీ పట్టేవారు. ఆ క్యాసెట్లన్నీ ఏమయ్యాయో.

తన వీడ్కోలు సభని కూడా ఆయనే రికార్డు చేయించారు. మొదటి వైపు హెడ్మాస్టరు గారి ప్రసంగం, తెలుగు మాస్టారి పద్యాలు, ఎనిమిదో తరగతి పిల్లల పాట. రెండో వైపు పూర్తిగా ఆయన మాటలు. సభ అయ్యాక క్యాసెట్టు తీసి, వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకుల్ని పెన్ను ములికితో విరిచేశారు. అవి ఉంటేనే రికార్డు మీట కిందికి దిగుతుంది. విరిస్తే ఎవరూ పొరపాటున చెరపలేరు. క్యాసెట్టు నా చేతికిచ్చి, "మీ మావయ్య దుబాయి నుంచి తెచ్చాడు కదా, దాంట్లోంచి దీంట్లోకి ఎక్కించి ఒక కాపీ తెచ్చివ్వు" అన్నారు.

కాపీ చెయ్యాలంటే రెండు యంత్రాలు ఒకచోట చేరాలి. మావయ్యది ఎప్పుడూ ఎవరి పెళ్లిలోనో ఉండేది. వేసవి సెలవులు అయిపోయాయి. నేను నర్సీపట్నంలో ఇంటర్‌లో చేరాను. 1986లో 'సిరివెన్నెల' సినిమా వచ్చింది. ఆ పాటలు లేకుండా బతకడం కష్టమనుకున్న వయసు. బజార్లో పాటల చీటీ రాసిస్తే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చే కొట్లు ఉండేవి. ఎక్కించినందుకు డబ్బుంది నా దగ్గర, ఖాళీ క్యాసెట్టుకి లేదు. మాస్టారిది పట్టుకెళ్లాను. కొట్టతను చూసి, "ఇది రికార్డవదు బాబూ, పలుకులు విరిచేసున్నాయి. లోపల ముఖ్యమైందేమన్నా ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. అయితే బొక్కలో కాగితం ముద్ద కూరమన్నాడు. ఏ వైపు మనకి ఎదురుగా ఉంటే, ఎడమ చేతి పక్క బొక్క ఆ వైపుది. నేనొక్క దాంట్లోనే కూరాను. రెండో వైపు. హెడ్మాస్టరు గారి ప్రసంగం చెరపడానికి భయమేసింది. మాస్టారంటే చనువు కదా.

1991లో మొదటి జీతంతో వాక్‌మన్ కొన్నాను. వాక్‌మన్ అనే పేరు సోనీది. 1979 జులై 1న జపాన్‌లో 33,000 యెన్‌లకి అమ్మకానికి పెట్టారు. రికార్డు చెయ్యని టేపు యంత్రాన్ని ఎవరు కొంటారని ఆ కంపెనీలోనే కొందరు గొణిగారట. మొదటి మోడల్లో ఇద్దరు వినడానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు ఉండేవి. పాట ఒక్కడికే అంటే వాళ్లకీ మొదట కాస్త మొహమాటమేసినట్టుంది. నేను కొన్నది సోనీ కాదు, పేరులేని చవకది. కొట్లో రెండు రకాలు చూపించారు. మైకూ రికార్డు మీటా ఉన్నది లావుగా ఉంది. లేనిది సన్నగా, నడుముకి తగిలించుకునేలా ఉంది. సన్నదే తీసుకున్నాను.

మరుసటి ఏడాది సంక్రాంతికి వస్తూ నర్సీపట్నం బస్టాండులో దిగితే మాస్టారు కనబడ్డారు. బాగా చిక్కిపోయారు. నడుముకున్న పెట్టె చూసి ముచ్చటపడ్డారు. చెవులకి పెట్టాను. కళ్లు మూసుకుని ఒక పాట పూర్తిగా విన్నారు. తీసి, తిప్పి, కింద మీద చూసి, "ఇది రికార్డు చేస్తుందా?" అని అడిగారు.

"చెయ్యదు మాస్టారూ. వినడానికే."

"మరేం లాభంరా?" అని నవ్వారు. కోటవురట్ల బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "నా క్యాసెట్టు ఉందా?" అన్నారు. ఉందన్నాను. అబద్ధం కాదు, ఉంది. ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఆ తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను, అది అందరూ చూసిందే. సీడీలు వచ్చాయి. వాటిని మించి ఎంపీ3 వచ్చింది. ప్రధానంగా జర్మనీ ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఇంజనీర్ల పని. చెవికి ఎలాగూ వినబడని భాగాల్ని తీసేసి పాటని సుమారు పదకొండో వంతుకి కుదించారు. అయిదు నిమిషాల పాట సీడీలో యాభై మెగాబైట్లు అయితే ఎంపీ3లో అయిదు. దాంతో ఒక్క సీడీలో నూట నలభై ఘంటసాల పాటలు పట్టాయి. 2001లో ఆపిల్ వారి ఐపాడ్ వెయ్యి పాటలు జేబులో అంది. నేనూ కొన్నాను. అయిదేళ్లకి లోపలి బ్యాటరీ చచ్చింది. విప్పడానికి మర ఒక్కటీ లేదు. నాన్న తుని కొట్లో అడిగిన రెండో ప్రశ్న నేను అడగలేదు. పెద్ద స్పీకరున్న ఫోన్లు వచ్చాక ఊళ్లో కుర్రాళ్లు కొట్లో 'చిప్పు'లోకి పాటలు ఎక్కించుకుని చెరుకు తోటల్లో అందరికీ వినబడేలా పెట్టుకునేవారు. వాళ్లని చూసి అప్పట్లో విసుక్కున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అరుగు మీది ట్రాన్సిస్టర్‌ని వాళ్లే నిలబెట్టారు.

పోయిన వేసవిలో ఇల్లు సర్దుతూ క్యాసెట్టు తీశాను. ఇంట్లో ఆడించే యంత్రం లేదు. వాక్‌మన్, సీడీ ప్లేయరు, ఐపాడ్ అన్నీ అటకమీదే ఉన్నాయి, ఒక్కటీ పలకలేదు. చివరికి మావయ్య టూ-ఇన్-వన్ పనికొచ్చింది. లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. మరలు విప్పి, గీకి, కొత్త బెల్టు వేసి, హెడ్డుని స్పిరిట్ దూదితో తుడిచాను. ఒక పూట పని.

మొదటి వైపు మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించి సంఘానికి ఇచ్చాను. రెండో వైపు తిప్పాను. సిరివెన్నెల పాటలు. ఒకటి, రెండు, మూడు. ఆపేద్దామనుకుని, బద్ధకంతో వదిలేశాను. ఇరవై ఆరు నిమిషాలకి నేను ఎక్కించిన పాటలు అయిపోయాయి. టక్కుమని ఒక చప్పుడు. వెనకాల కాకులు. గాలి. ఆ తర్వాత మాస్టారు, ఏదో వాక్యం మధ్యలోంచి.

నాలుగు నిమిషాలు ఉంది. ప్రసంగం చివర. ల్యాబ్ బీరువా తాళం హెడ్మాస్టరు గారికి ఇచ్చేశానని, విరిగిన రెండు పరీక్షనాళికల లెక్క రిజిస్టరులో రాశానని, బారోమీటరు దగ్గర పిల్లల్ని తోసుకోవద్దని చెప్పమని. అంతే. చివర్న మైకు దగ్గరికి వంగినట్టున్నారు, గొంతు పెద్దదైంది.

"టేపు తిరుగుతోందా?"

"తిరుగుతోంది మాస్టారూ" అని ఒక కుర్రాడు. అది నా గొంతు కాదు. 1985 బ్యాచ్ వాళ్లు జూబిలీ రోజున విని ఎవరో చెప్పాలి.