ముందు ఫోర్కులోని స్ప్రింగు

మోటారు సైకిలును ఎదుట నిలిచి చూచినవారికి ముందు చక్రమున కిరుప్రక్కల రెండు గొట్టములు కనబడును. వాని లోపల నిలువుగా కూర్చున్న చుట్టల స్ప్రింగు మాత్రము కనబడదు. కనబడనందుననే కాబోలు, బండి గతుకులో పడి ముందుభాగము ఠక్కున క్రిందికి తగిలిన నాడు తప్ప దాని నెవ్వరును తలచుకొనరు.

తొలినాటి మోటారు సైకిళ్లకు ముందు ఫోర్కు మామూలు సైకిలు ఫోర్కు వంటిదే. వేగము పెరిగిన కొలది ఆ కుదుపు చేతులను, చట్రమును గూడ బాధించెను. అప్పుడు వచ్చినది గర్డరు ఫోర్కు. చిన్న వంతెనను తలపించు ఆ చట్రము లంకెలపై పైకి క్రిందికి కదలుచుండ, హ్యాండిలు ముందర నిలిచిన ఒక్క స్ప్రింగు బరువును మోసెడిది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. స్ప్రింగును ఎంత నొక్కుదుమో అంత బలముతో అది ఎదురు నెట్టునని రాబర్టు హుక్కు 1678లోనే ప్రకటించెను. అనగా స్ప్రింగు కుదుపును మ్రింగదు. అప్పు పుచ్చుకొని వెంటనే తిరిగి ఇచ్చివేయును. మన జట్కాల కమాను కట్టలలో పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుట వలన ఊపు కొంత అణగెడిది. చుట్టల స్ప్రింగులో ఆ రాపిడి లేదు. దానిని దాని మానాన విడిచినచో చక్రము గతుకు దాటిన పిమ్మట గూడ ఎగురుచునే యుండును. ఎగిరిన చక్రమునకు నేలపై పట్టుండదు. గర్డరు ఫోర్కు లంకెల వద్ద రాపిడి బిళ్లలు పెట్టి, మరతో బిగించి ఈ ఊపు నాపజూచిరి. అవి అరిగినకొలది మరల బిగింపవలసినదే.

1934లో డెన్మార్కు వారి నింబస్ బండికి గొట్టములో గొట్టము జారు టెలిస్కోపిక్ ఫోర్కు వచ్చినది. కాని అందు ఊపు నణచు నూనె ఏర్పాటు తొలుత లేదు. ఆ కొరత తీర్చినది 1935లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ. ఆర్ 12, ఆర్ 17 అను బండ్లలో స్ప్రింగుతోపాటు నూనెను గూడ గొట్టములలో నుంచిరి. ఫోర్కు కదలినప్పుడెల్ల నూనె సన్నని రంధ్రముల గుండ పోవలెను. ఆ శ్రమలో ఊపు చచ్చును. మా దృష్టిలో అసలైన మలుపు ఇదియే. గొట్టములు జారుట కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941లో, బ్రిటిషు సైన్యమునకై తయారైన మాచ్‌లెస్ జి3/ఎల్ బండి ఇట్టి ఫోర్కుతోనే వచ్చెను. యుద్ధము ముగిసిన కొలది యేండ్లకే గర్డరు ఫోర్కు వెనుకబడెను.

మన దేశమున ఈ ఫోర్కును ఇంటింటి మాట చేసినది బుల్లెట్టు. 1955లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ మద్రాసు మోటార్సు వారితో చేతులు కలుపగా, త్యాగరాజస్వామి త్రిపురసుందరీదేవిని కీర్తించిన తిరువొత్తియూరులో ఆ బండ్ల కర్మాగారము వెలసెను.

ఎంత మంచి ఉక్కైనను ఏండ్ల తరబడి నలిగి కొంత క్రుంగును. పాత స్ప్రింగును క్రొత్తదాని ప్రక్క నిలిపి చూచిన పొట్టితనము తెలియును. క్రుంగిన స్ప్రింగుతో బ్రేకు పట్టగనే ముందుభాగము తుదివరకు దిగిపోవును. సరిగా అప్పుడే గుంట వచ్చినచో చక్రమునకు కదలుటకు చోటుండదు. ప్రాణాపాయము అచ్చట నున్నది.

క్రొత్తవి వేయునప్పుడు రెండు ప్రక్కల ఒక్కసారే మార్చవలెను. కంటికి సమముగా తోచినవెల్ల సమము కావు: చుట్టల కొలత, సంఖ్య మారకుండ తీగ పదవవంతు లావైనచో బిగువు నూటికి 46 వంతులు పెరుగును. మరీ బిగువైనదానిని పాత నూనె అణచజాలదు. గట్టి స్ప్రింగే మంచి స్ప్రింగని తలచువారు ఈ సంగతి నెరుగవలెను. ముందు చక్రమును నేల నుండి పైకెత్తి నిలిపి, మూతను మెల్లగా విప్పవలెను. లోపల నొక్కబడియున్న స్ప్రింగు మూతను ముఖము మీదికి విసరగలదు. నూనెను రెండు గొట్టములందు సమముగా పోసి, మూతలు బిగించి, బండిని నేలకు దింపి, హ్యాండిలును గట్టిగా నొక్కి విడువవలెను. ముందుభాగము ఒక్కమారు పైకి లేచి ఊగక నిలిచినచో పని కుదిరినట్లే.