వెట్టి నుండి సేవకు: బోధన్ చెరకు ప్రాంత నేపథ్యంలో స్కౌటు ఉద్యమ పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రతిఫలం ఆశించకుండా ఇతరుల కోసం పనిచేయడాన్ని స్కౌటు ఉద్యమం బాలబాలికలకు ప్రథమ పాఠంగా బోధిస్తుంది. అయితే తెలంగాణ సామాజిక చరిత్రలో కూలి లేని పనికి శతాబ్దాలుగా మరొక పేరు ఉంది. అది వెట్టి. ఊరి రజకుడు, కుమ్మరి, బేగరి మొదలైనవారు దొరకూ అధికారికీ ఉచితంగా చాకిరీ చేసిన నేలపై ‘ఉచిత సేవ’ అనే భావన గౌరవప్రదం కావాలంటే, ఆ రెండింటి మధ్య స్పష్టమైన సరిహద్దు ఉండాలి. ఆ సరిహద్దును స్కౌటు శిక్షణ ఏ విధంగా నిర్ణయించిందో నిజామాబాద్, బోధన్ ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

బోధన్ ప్రాంతం: శ్రమ స్వరూపం

పూర్వం ఇందూరుగా పిలువబడిన నిజామాబాద్ ప్రాంత ఆర్థిక స్వరూపాన్ని మార్చినది మంజీర నదిపై 1923-1931 మధ్య నిర్మితమైన నిజాంసాగర్ జలాశయం. ప్రముఖ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో రూపొందిన ఈ ప్రాజెక్టు కాలువల కింద చెరకు సాగు విస్తరించింది. 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ వెలసిన శక్కర్‌నగర్ ఒక కార్మిక పట్టణంగా రూపుదిద్దుకుంది.

ఇదే కాలంలో శ్రమకు సంబంధించిన మరి రెండు పరిణామాలు గమనించదగినవి. అప్పు తీర్చలేక యజమాని వద్ద ఏళ్ల తరబడి పనిచేసే భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ హైదరాబాద్ ప్రభుత్వం 1936లో చట్టం తెచ్చింది. మరుసటి సంవత్సరం ఆరవ ఆంధ్ర మహాసభ నిజామాబాద్‌లో జరిగింది. వెట్టిని వ్యతిరేకించడం మహాసభ ప్రధాన ఆశయాలలో ఒకటి. అంటే కర్మాగారంలో నెలజీతపు కార్మికుడు, పొలంలో భగేలా, గడీలో వెట్టి మనిషి ఒకే కాలంలో కనిపించిన ప్రాంతమిది.

భారతదేశంలో స్కౌటు ఉద్యమం

బేడెన్ పావెల్ 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో నిర్వహించిన శిబిరంతో ఈ ఉద్యమం ఆరంభమైంది. 1909లో బెంగుళూరుకు చేరినా, తొలినాళ్లలో భారతీయ బాలురకు అందులో ప్రవేశం లభించలేదు. ఈ వివక్షకు సమాధానంగా అనీబిసెంట్, జార్జి అరండేల్ 1916లో మద్రాసులో భారతీయ బాలుర కోసం ప్రత్యేక సంఘాన్ని స్థాపించారు. కొద్దికాలానికే అలహాబాదు కేంద్రంగా మదన మోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రు, శ్రీరామ్ వాజపేయి సేవాసమితి స్కౌటు సంఘాన్ని నడిపించారు.

ఈ రెండవ సంఘం పేరే ఒక దృక్పథాన్ని సూచిస్తున్నది. ప్రయాగ మేళాలకు వచ్చే యాత్రికులకు తోడ్పడడం సేవాసమితి పనులలో ముఖ్యమైనది. రోజుకొక మంచి పని అనే వ్యక్తిగత నియమం ఇక్కడ సామూహిక రూపం ధరించింది. తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించడం, దాహార్తులకు నీరివ్వడం, గాయపడినవారికి ప్రథమ చికిత్స చేయడం వంటి పనులలో సేవ పొందేవారు పూర్తిగా అపరిచితులు. వారి కులమేదో, ఊరేదో అడిగే అవకాశమే లేదు. వెట్టిలో మాత్రం ఎవరికి ఎవరు చేయాలనేది పుట్టుకే నిర్ణయించేది. ఈ భేదం చిన్నది కాదు.

స్వాతంత్ర్యానంతరం విడివిడి సంఘాలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏకమయ్యాయి. 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా అందులో చేరింది.

సేవకూ వెట్టికీ సరిహద్దు

స్కౌటు శిక్షణలోని మూడు అంశాలు ఈ సరిహద్దును స్పష్టం చేస్తాయి.

మొదటిది ప్రతిజ్ఞ. స్కౌటు తన ఆత్మగౌరవం సాక్షిగా మాట ఇస్తాడు. ఇతరుల ఆజ్ఞకు తలవంచి చేసే చాకిరీలో ఆత్మగౌరవానికి చోటు లేదు. ఇక్కడ పనికి పునాదే అది.

రెండవది దళ పద్ధతి. ఆరు నుండి ఎనిమిది మంది పిల్లలు ఒక దళంగా ఏర్పడి, తమలో ఒకరిని నాయకునిగా అంగీకరించి, వంట, శుభ్రత, కాపలా పంచుకుంటారు. శిబిరంలో పాత్రలు తోమే వంతు అందరికీ వస్తుంది. కులాన్ని బట్టి పనులు విభజించిన గ్రామ వ్యవస్థ నుండి వచ్చిన పిల్లవాడికి ఈ వంతు ఏ ఉపన్యాసం కన్నా బలమైన పాఠం.

మూడవది ‘ఖరీ కమాయి’. నిజాయితీగల సంపాదన అని దీని అర్థం. ఈ కార్యక్రమంలో పిల్లలు చిన్న చిన్న పనులు చేసి, వాటికి తగిన ప్రతిఫలం స్వీకరిస్తారు. సేవకు బహుమతి తీసుకోరాదని చెప్పే ఉద్యమమే పనికి కూలి న్యాయమని కూడా బోధిస్తున్నది. కూలి ఇవ్వవలసిన చోట సేవ పేరుతో పని చేయించుకోరాదన్న వివేకం ఇందులో నిక్షిప్తమై ఉంది.

వర్తమాన ప్రాసంగికత

2002లో నిజాం చక్కెర కర్మాగారం ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో బోధన్‌లో ఉత్పత్తి నిలిచిపోయింది. ఒకప్పుడు కర్మాగారమే ఆధారమైన పట్టణంలో పౌరుల పరస్పర సహకారానికి అవసరం పెరిగింది. అయితే ఇక్కడే జాగ్రత్త అవసరం. కార్మికునికి రావలసిన వేతనానికి, ప్రభుత్వం అందించవలసిన వైద్యానికి యువకుల సేవ ప్రత్యామ్నాయం కాజాలదు. హక్కును సేవగా మార్చితే అది మళ్లీ దయాభిక్షగా, క్రమంగా వెట్టిగా పరిణమించే ప్రమాదముంది.

సేవకు సహజమైన క్షేత్రాలు వేరే ఉన్నాయి. గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలిసే కందకుర్తి బోధన్‌కు సమీపంలోనే ఉంది. 2015 జులైలో జరిగిన గోదావరి పుష్కరాల వంటి సందర్భాలలో అక్కడికి వేలాది యాత్రికులు వస్తారు. ప్రయాగలో సేవాసమితి బాలురు నేర్చుకున్న పాఠాన్ని నేర్చుకోవడానికి ఈ ప్రాంత విద్యార్థులు దూరం వెళ్లనక్కరలేదు.

ముగింపు

స్కౌటు ఉద్యమం విదేశీ పాలనలో ప్రవేశించి, వివక్షను ఎదుర్కొని, భారతీయుల చేతిలో సమాజసేవా శిక్షణగా రూపాంతరం చెందింది. తెలంగాణ వంటి ప్రాంతంలో దాని విలువను ఎన్ని గంటల సేవ జరిగిందనే లెక్కతో కొలవలేము. ఆ పనిని చేసినవారు తమ ఇష్టంతో చేశారా, అందరూ సమానంగా పంచుకున్నారా, ఎవరి కూలినైనా హరించకుండా చేశారా అన్న ప్రశ్నలే దానికి సరైన కొలమానాలు. వాటికి అవునని సమాధానం వచ్చిన చోట మాత్రమే ఉచితంగా చేసిన పని సేవ అనిపించుకుంటుంది.