సర్కారు జిల్లాల తెల్లన్నం కథ

1835లో మద్రాసులో బెరిబెరి మీద ఒక వైద్య గ్రంథం అచ్చయింది. రాసినవాడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్, కంపెనీ కొలువులోని డాక్టరు. కాళ్లు మొద్దుబారి, పాదాలు పొంగి, ఆయాసం ముదిరి చివరకు గుండె ఆగేదాకా పోయే ఆ జబ్బు ఉత్తర సర్కారుల తీరాన్ని పట్టి పీడిస్తుండేది. ఆ తీరంలోనివే నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు. తెల్లదొరలు చికాకోల్ అని పిలిచిన శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం విశాఖపట్నం జిల్లాలోది. విటమిన్ అనే మాట పుట్టడానికి ఇంకా 77 ఏళ్లుంది.

జబ్బుకు మూలం కంచంలోనే ఉంది.

1890ల్లో జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్ల కాళ్లు పడిపోవడం గమనించాడు. తవుడున్న బియ్యం వేస్తే అవి లేచి తిరిగాయి. 1926లో జాన్సెన్, డోనత్ అనే శాస్త్రవేత్తలు తవుడులోని ఆ పదార్థాన్ని, అంటే బి1 విటమిన్ థయమిన్‌ను, వేరుచేశారు. 1936లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది నెల్లూరులో. బాప్టిస్టు మిషనరీ దంపతుల బిడ్డ.

దక్షిణాదిలో అందరూ అన్నమే తింటున్నా, బెరిబెరి సర్కారు జిల్లాలనే ఎందుకు పట్టింది? కూనూరు పోషకాహార పరిశోధనశాలలో ఐక్రాయిడ్ బృందం ఈ చిక్కు విప్పి 1940లో నివేదిక ఇచ్చింది. తమిళనాట ఎక్కువగా ఉప్పుడు బియ్యం వాడతారు. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, మరపట్టినా చాలావరకు నిలుస్తుంది. సర్కారు జిల్లాల వాళ్లు తినేది పచ్చిబియ్యం. దాన్ని మరపడితే విటమిన్ తవుడుతోనే పోతుంది. మిగిలిందీ కడుగులోనూ, వార్చిన గంజిలోనూ పోతుంది.

1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న ఆ పరిశోధనశాలే ఈ లెక్కలూ కట్టింది. 100 గ్రాముల మరపట్టిన పచ్చిబియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యంలో 0.21. ఉత్తరాంధ్ర పల్లెలు అంబలి కాచుకున్న చోళ్లలో, అంటే రాగుల్లో, 0.42.

ఈ విటమిన్ కథ మెదడు దాకా పోతుంది. 1903లో ఇటలీ వైద్యులు మార్కియాఫావా, బిన్యామి విపరీతంగా వైన్ తాగేవారి మెదళ్లలో ఒక అరుదైన జబ్బును వర్ణించారు. మెదడు రెండు సగాలను వంతెనలా కలిపే నాడీతంతువుల కట్ట మీద మైలిన్ పొర ఊడిపోతుంది. మతి తప్పడం, మాట తడబడటం, మూర్ఛ, ఒక్కోసారి స్పృహ పోవడం దాని లక్షణాలు. చాలాకాలం శవపరీక్షలోనే బయటపడిన ఈ జబ్బు ఎం.ఆర్.ఐ. వచ్చాక రోగి బతికుండగానే తెలుస్తోంది. అప్పుడే మరో సంగతి తేలింది: చుక్క మద్యం ముట్టని మధుమేహ రోగుల్లోనూ, చక్కెర అదుపు తప్పినవారిలో, అక్కడొకరికీ ఇక్కడొకరికీ ఇది కనిపించింది.

కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. చక్కెర పాళ్లు ఒక్కసారిగా మారినప్పుడు కణాల్లో నీటి సమతూకం చెడటం ఒక అనుమానం. బి విటమిన్ల కొరత మరొకటి. మధుమేహంలో మూత్రపిండాలు థయమిన్‌ను మామూలుకన్నా ఎక్కువగా బయటికి పంపేస్తాయని, రోగుల రక్తద్రవంలో అది దాదాపు నాలుగో వంతుకు పడిపోయిందని 2007లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయ బృందం చూపింది. ఈ మెదడు జబ్బు చికిత్సలో వైద్యులు మొదట అందుకునేదీ థయమిన్ ఇంజెక్షనే. తొందరగా ఇస్తే కోలుకున్నవాళ్లున్నారు.

బెరిబెరి ఆనవాళ్లు చెరిగిపోయిన ఈ తీరంలో నేడు మధుమేహం ఇంటింటి మాట. పూటపూటకూ తెల్లన్నమే తినే మధుమేహ రోగి మతి తప్పి ఆసుపత్రికి వస్తే, చక్కెర పరీక్షతో ఆగకుండా బి1 గురించీ ఆలోచించాలి. మందు చవక, ఆలస్యం ఖరీదు మాత్రం మెదడు కడుతుంది. ఈ మాట పెద్దాసుపత్రులకే కాదు, పాలకొండ, సాలూరు వంటి ఊళ్ల వైద్యులకూ చేరాలి.