గుర్రాల గట్టు, రైలు కట్ట: ఫ్రాన్సు పల్లెల్లో కార్లు లేని సైకిల్ దారుల పూర్వచరిత్ర

ఫ్రాన్సు పల్లెసీమల్లో కారు ఎదురుపడకుండా రోజుల తరబడి సైకిల్ తొక్కుకుంటూ పోగల కంకర దారులు నేడు పర్యాటక శాఖల కరపత్రాలకెక్కి, అచ్చంగా విహారం కోసమే వేసినవిగా కనిపిస్తాయి గాని, వాటిలో పేరున్నవి చాలావరకు సరుకు రవాణా కోసం, సైన్యం అవసరం కోసం, కొంత ఓట్ల రాజకీయం కోసం పుట్టినవే. పడవను లాగే గుర్రం నడిచిన కాలువ గట్టు ఒక రకం, ఆవిరి ఇంజను నడిచిన రైలు కట్ట మరొక రకం. మొదటిదాన్ని రైలు దెబ్బతీస్తే రెండోదాన్ని బస్సూ లారీ దెబ్బతీశాయి. అలా పనిలేక మిగిలిన సన్నని, పొడవైన నేలచెక్కలు ముక్కలు కాకుండా చాలాచోట్ల ప్రభుత్వం చేతిలోనే ఉండిపోవడం వల్లనే తరువాతి తరాలకు ఈ దారులు దక్కాయి.

కాలువ గట్టు హక్కుకు మూలం పదునాలుగవ లూయీ కాలపు శాసనంలో ఉంది. మంత్రి కోల్బేర్ చొరవతో 1669లో వెలువడిన జలవనరుల, అడవుల శాసనం, పడవలు తిరిగే నదుల వెంట భూమి ఉన్నవారు పడవలను లాగే వైపున 24 అడుగుల వెడల్పు గుర్రాలకు వదలాలనీ, ఆ వైపున ఒడ్డుకు 30 అడుగుల లోపు చెట్టు నాటరాదనీ, కంచె కట్టరాదనీ, అవతలి ఒడ్డున 10 అడుగులు విడిచిపెట్టాలనీ నిర్దేశించింది. పడవకు కట్టిన పొడవాటి మోకు దేనికీ చిక్కుకోకుండా సాగాలన్నదే ఇందులోని ఉద్దేశం. మెట్రిక్ కొలతలు వచ్చాక ఆ 24 అడుగులు 7.80 మీటర్లుగా, 10 అడుగులు 3.25 మీటర్లుగా మారి ఫ్రెంచి చట్టంలో కొనసాగాయి. నది ఒడ్డున నేల రైతుదే, దారి మాత్రం రాజుది. తవ్విన కాలువల విషయంలో మాత్రం గట్టు కూడా సాధారణంగా కాలువలో భాగమే కనుక ఆ తగవుకు అంతగా తావు లేదు. ఫ్రెంచిలో 'శమాన్ ద అలాజ్' అనే ఈ లాగుడు బాట నేడు యాత్రికులు వాడే దారులకు మొదటి రూపం.

ఈ బాటల్లో లోకానికి తెలిసినది 1681లో నౌకాయానానికి తెరిచిన, తూలూజ్ నుండి మధ్యధరా తీరం వైపు 240 కి.మీ. సాగే మిడి కాలువది. కానీ దాని గట్టు ఇప్పటికీ కొన్నిచోట్ల చెట్ల వేళ్లతోనూ బురదతోనూ సైకిలుకు కష్టంగానే ఉంటుంది. కంకర దారిగా చూసినప్పుడు బ్రిటనీలోని నాంత్–బ్రెస్ట్ కాలువ కథే ఎక్కువ చెప్పుకోదగినది.

బ్రెస్ట్ ఫ్రాన్సు నౌకాదళానికి కీలకమైన రేవు. నెపోలియన్ యుద్ధాల్లో ఇంగ్లీషు ఓడలు సముద్రమార్గాన్ని దిగ్బంధించడంతో ఆ రేవుకు సరుకులు చేరవేయడం కష్టమైంది; అందువల్ల సముద్రాన్ని తాకకుండా బ్రిటనీ నడుమ నుండి లోతట్టు జలమార్గం తవ్వాలని 1811లో నిర్ణయం జరిగింది. యుద్ధం 1815లో ముగిసి కాలువ తక్షణావసరం పోయినా పని మాత్రం ఆగలేదు. సుమారు 360 కి.మీ. పొడవున, 230కి పైగా లాకులతో, నదులనూ కొండలనూ కలుపుతూ అది 1842 నాటికి పూర్తయింది. లాకు అంటే గోదావరి డెల్టాలో ఎరిగినదే: రెండు తలుపుల మధ్య నీటిని నింపి లేదా వదిలి పడవను పై మట్టానికో కింది మట్టానికో చేర్చే గది. కాలువ అత్యున్నత స్థానమైన గ్లోమెల్ దగ్గర సుమారు 3 కి.మీ. పొడవున, కొన్నిచోట్ల 20 మీటర్లకు పైగా లోతున తవ్విన కందకం 1823 నుండి 1832 వరకు బ్రెస్ట్ చెరసాల ఖైదీలు పారలతో, గునపాలతో తీసినది. నేడు ఆ కందకం పక్కన నీడలో సాగే బాట మీద తొక్కుతున్నవారికి అది సహజమైన లోయలా తోస్తుందంటే, ఆ శ్రమ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఎత్తైన చోట లాకులకు నీరు కావాలి కనుక, బొస్మెలెయాక్ జలాశయం నుండి ఇల్వెర్న్ దగ్గరి మెట్టకు 60 కి.మీ.కు పైగా పొడవైన ఒక సన్న కాలువను కూడా తవ్వారు. నీరు తనంతట పారాలే గాని వేగంగా పారకూడదు కనుక అది కొండవాలును ఒకే మట్టంలో పట్టుకొని మెలికలు తిరుగుతూ పోతుంది, మొత్తం పొడవులోనూ అది దిగేది చాలా తక్కువే. ఆ గట్టు వెంట ఇప్పుడు సైకిల్ దారి ఉంది. ఎక్కుడు దిగుడూ లేని ఇలాంటి దారిని యాత్రికుల సుఖం కోసం ఏ ఇంజనీరూ ఇంత ఖర్చుతో వేయడు.

మూడో నెపోలియన్ 1858లో బ్రిటనీ యాత్రలో ఈ కాలువకు ఘనంగా ప్రారంభోత్సవం చేశాడు. ఏడేళ్లు తిరగకుండానే, 1865లో, పారిస్ నుండి రైలు బ్రెస్ట్ చేరింది. సైనిక ప్రయోజనం పోయినా పలకరాయి, బొగ్గు, పొలాలకు వేసే ఎరువు వంటివి చాలాకాలం పడవల మీదనే సాగాయి. గుర్రం లేని పేద పడవవాడు భార్యాపిల్లలతో కలిసి భుజానికి పట్టీ తగిలించుకొని తానే పడవను లాగేవాడు. చివరికి 1930లో పూర్తయిన గెర్లెదాన్ ఆనకట్ట 17 లాకులను ముంచి కాలువను రెండుగా తెంచింది. 2015లో తనిఖీ కోసం ఆ జలాశయాన్ని ఖాళీ చేసినప్పుడు అడుగున లాకుల గోడలూ పాత గట్టూ బురదలోంచి తేలగా, వాటిని చూడడానికి జనం పోటెత్తారు.

పడవల కాలానికీ సైకిల్ యాత్రల కాలానికీ మధ్య గట్టు మీద సైకిలుకు చోటుండేది కాదన్నది నేడు చాలామందికి తెలియని సంగతి. జలమార్గాలకు సంబంధించిన 1932 నాటి నిబంధనల ప్రకారం, ప్రత్యేక అనుమతి లేనివారు లాగుడు బాటల మీద కాలినడకన తప్ప వెళ్లడానికి వీలుండేది కాదు. నేటి సైకిల్ యాత్ర ఆ నిషేధానికి ఒక్కొక్కచోట సడలింపు పొందుతూ, ఒప్పందాల మీద ఒప్పందాలు కుదుర్చుకుంటూ సాధించినది.

రైలు కట్టల కథ ఇంతకన్నా రాజకీయమైనది. ప్రజాపనుల మంత్రి చార్లెస్ ద ఫ్రేసినే 1879లో తెచ్చిన చట్టం, ప్రతి చిన్న పరిపాలనా కేంద్రానికీ రైలు చేర్చాలన్న లక్ష్యంతో సుమారు 8,700 కి.మీ. కొత్త స్థానిక మార్గాలను ప్రతిపాదించింది. కొత్త గణతంత్రాన్ని పల్లెలకు ప్రత్యక్షంగా చూపించాలన్న కోరిక అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్థికంగా అది బుద్ధిమంతమైన పని కాదు. ఆదాయం రాని మార్గాలు 1930ల నుండి వరుసగా మూతపడ్డాయి, 1938లో ఏర్పడిన జాతీయ రైల్వే సంస్థ కూడా వాటిని మోయలేదు. పట్టాలు పీకేశాక కొన్ని కట్టలను ముక్కలుగా అమ్మేశారు, వంతెనలు కూల్చారు. మిగిలినవాటిని ముళ్లపొదలు కాపాడాయి. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు కనుక ఆ కట్టల మీద వాలు మామూలుగా నూటికి రెండు మూడు మీటర్లను మించదు, ముసలివారూ పిల్లలూ తొక్కగలిగేది అందువల్లనే.

బుర్గుండీలో జీవ్రీ నుండి క్లూనీ వరకు 44 కి.మీ. పాత రైలు మార్గాన్ని 1997లో సైకిళ్లకూ పాదచారులకూ తెరవడంతో ఫ్రాన్సులో 'వ్వా వెర్త్', అంటే హరిత మార్గం, అన్న భావన జనంలోకి వెళ్లింది. అది కంకర దారి కాదు, తారు వేసినది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం సైకిల్ దారులకూ హరిత మార్గాలకూ జాతీయ ప్రణాళికను ఆమోదించింది. 2004 సెప్టెంబరులో వెలువడిన ఉత్తర్వు హరిత మార్గాన్ని ట్రాఫిక్ నియమావళిలో చేర్చి, మోటారు లేని వాహనాలకూ నడిచేవారికీ గుర్రపు రౌతులకూ మాత్రమే ప్రత్యేకించిన దారిగా నిర్వచించింది.

బ్రిటనీలో మాత్రం దారులు చాలావరకు నలగ్గొట్టిన రాతిపొడినీ ఇసుకనూ తడిపి రోలరుతో తొక్కించిన గట్టి నేల మీదనే నడుస్తున్నాయి. తారుకన్నా చవక, వాన నీరు ఇంకుతుంది. కాని శీతాకాలంలో గుంటలు పడి, ఏటేటా మరమ్మతు కోరుతుంది. రోస్కోఫ్ నుండి స్పెయిను సరిహద్దు వరకు సుమారు 1,200 కి.మీ. సాగే 'వెలోదిసే' దారి మొర్లే, కరే పట్టణాల మధ్య 1967లో మూతపడిన చిన్న గేజి రైలు కట్ట మీద నడిచి, కరే దాటాక నాంత్–బ్రెస్ట్ గట్టును అందుకుంటుంది. మొదట స్టేషన్ ఇళ్లు, తరువాత లాకు కాపలాదారుల ఇళ్లు పక్కన వస్తుంటాయి.

ప్రతి చోటా ఈ వారసత్వం సైకిలుకే చెందదు. క్లూనీకి దక్షిణాన, మాకోన్ వైపు పొడిగించిన హరిత మార్గంలో, బ్వా క్లేర్ కొండ కింద 1.6 కి.మీ. సొరంగం ఉంది, అందులో గబ్బిలాలు చలికాలం నిద్రిస్తాయి కనుక ఆ నెలల్లో సొరంగాన్ని మూసేస్తారు, యాత్రికులు కొండమీది కనుమ దారి పట్టాలి.